మా అక్క రాయించిన కాగితం

ఇబ్రహీంపట్నం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ ఒక రేకుల షెడ్డులో కూసొని నేను చాలా ఏండ్లు దస్తావేజులు రాసిన. మొదట్లో చేతితోనే రాసేటోళ్ళం, తర్వాత కంప్యూటర్ వచ్చింది. రింగు రోడ్డు పడ్డంక మా పని ఒక్కసారే పెరిగిపోయింది. జొన్న పండిన చెల్కలన్నీ ప్లాట్లయినయ్. పొద్దున ఆఫీసు తెరవకముందే కార్లు వచ్చి వరుసగా ఆగేటివి. సర్వే నంబర్లు, హద్దులు, "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం లేకుండా" అన్న మాటలు ఎన్ని వేలసార్లు రాసిన్నో నాకే తెల్వదు. చెయ్యి రాస్తుండేది, చెవులు పక్క బల్ల మీది ముచ్చట వింటుండేటివి. ఆ మాటలకు ఒక అర్థం ఉందని నాకు చూపించింది మా అక్క.

అక్క నాకన్న పదకొండేండ్లు పెద్దది. పాత బస్టాండు వెనుక సందులో ఆమెకు పిండి గిర్ని ఉండె. బావ పెట్టిన గిర్ని అది, బావ పోయినంక ఆమే నడిపింది. చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్ళు జొన్నలు, గోధుమలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు తెచ్చి పోసేటోళ్ళు. అక్క కనుబొమల మీద ఎప్పుడూ తెల్లగ పిండి ఉండేది. మూతికి చీర కొంగు చుట్టుకునేది, అంతే. బావ ఉన్నప్పటి నుంచి కలిపి ముప్పై ఏండ్లు ఆ దుమ్ములోనే నిలబడింది. ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల ఇంటర్ చదివి, బస్సు కండక్టర్ అయ్యి, పెండ్లి చేసుకొని తుర్కయాంజాల్‌లో ఉంటది.

దగ్గు మొదలైనప్పుడు మిరప ఘాటే అనుకున్నం. మెట్లెక్కితే ఆయాసం రాబట్టింది. ఇంట్ల నుంచి ముందరనే ఉన్న గిర్ని దాక నడిచొచ్చినా గోడ పట్టుకొని నిలబడేది. అప్పుడు నేనే ఆమెను సిటీలో ఛాతీ డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన ఫిల్ము లైటు మీద పెట్టి చూపించిండు.

"ఊపిరితిత్తులు గట్టిపడుతున్నయమ్మా. మందులతోటి ఉన్నది కాపాడుకోవచ్చు. పోయింది మల్ల రాదు."

అక్క ఆ ఫిల్ము దిక్కు శానా సేపు చూసింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను కలలో కూడ అడగకపోదును.

"సారూ, ఆఖరికి ఎట్లయితది?"

డాక్టర్ నా ముఖం చూసిండు. అక్క అన్నది: "వాని దిక్కు చూడకున్రి. నన్ను చూసి చెప్పున్రి."

"ఒక రోజు గాలి అందదు. అప్పుడు గొంతులకు పైపు వేసి మిషను పెడ్తరు."

"పెట్టి, మల్ల తీస్తరా?"

ఆయన పెన్ను కింద పెట్టిండు. "మీ జబ్బుల తీసుడు శానా కష్టం. శానా మంది ఆ మిషను మీదనే పోతరు."

"అయితే నాకు పెట్టకున్రి."

"నాతోటి చెప్తే సరిపోదమ్మా. ఆ రోజు డ్యూటీల ఎవరుంటరో. మీకు ఏం కావాలె, ఏం వద్దు అనేది ఇప్పుడే రాసి, సాక్షుల సంతకాలు పెట్టిచ్చి, నోటరీ చేపిచ్చుకోన్రి. కోర్టు గూడ దానికి ఒప్పుకున్నది. మీరు మాట్లాడలేని రోజు ఆ కాగితం మాట్లాడతది."

వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్కన కూసున్నది. మీర్‌పేట్ చౌరస్తా దాటినం. అప్పుడు నా మోచేయి తట్టి, "తమ్మీ, ఆ కాగితం నువ్వే రాయాలె" అన్నది.

"ఇప్పుడేం తొందరక్కా? నీకేమయితది?"

"ఏమయితదో ఇప్పుడే చెప్పిండు గద. నువ్వు వినలేదా?"

విన్న. విన్నందుకే రాయబుద్ధి కాలేదు. రేపు, ఎల్లుండి, వచ్చే ఆదివారం అని రెండు నెలలు తిప్పిన. పని ఎక్కువుందని చెప్పిన. అసలు సంగతి వేరే ఉండె.

బావ తలలో నరం చిట్లి గిర్నిలోనే పడిపోయినప్పుడు సిటీలో ఒక దవాఖానలో చేర్చినం. పద్దెనిమిది రోజులు మిషను మీద ఉన్నడు. మల్ల లేచేటట్టు లేదని డాక్టర్లు మూడో రోజే చెప్పిన్రు. రోజూ పొద్దున ఒక డాక్టర్ బయటికొచ్చి, "ఏం చేద్దాం? ఉంచుదామా?" అని అడిగేటోడు. అక్క నోటికి మాట రాకపోయేది. ఇంగ్లీషు కాగితాలు చదవగలిగేది ఆ పిల్ల ఒక్కతే అని చుట్టాలందరు నా మేనకోడలి దిక్కు తిరిగేటోళ్ళు. ఇరవై ఏండ్ల పిల్ల. "ఉంచున్రి సార్" అని ఏడ్సుకుంట సంతకం పెట్టేది. మరి నేనెక్కడ ఉంటి? డాక్టర్ వచ్చే టైముకు చాయ్ తాగొస్తనని మెట్లు దిగేటోన్ని. పద్దెనిమిది రోజులూ దిగిన. ఆ సంగతి ఎవ్వరికీ తెల్వదనుకున్న.

శ్రావణమాసంలో ఒక మంచి రోజు, షెడ్డు జనంతో కిక్కిరిసి ఉంది. తల ఎత్తి చూస్తే, ప్లాట్లు కొన్నోళ్ళ నడుమ బల్ల మీద అక్క కూసొని ఉంది. గిర్ని నుంచి రెండు సందులు నడిచి వచ్చింది. ముఖమంత చెమట. నేను లేవబోతే చెయ్యి అడ్డం ఊపింది. ముందున్నోళ్ళ పని అయ్యేదాక ఆగి, తన వంతు రాంగనే నా ముందర కుర్చీలో కూసున్నది.

"అక్కా, ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల అయితే నువ్వు లేచిపోతవ్. ఇక్కడ నీ కుర్చీ వదిలిపెట్టవు. రాయి."

రాయబట్టిన. కీర్తిశేషులు ఫలానా వారి భార్యనైన నేను నా సంపూర్ణ ఇష్టముతో ఈ దిగువ తెలియపరచునది ఏమనగా, అని నాలుగు లైన్లు కొట్టి చదివి వినిపించిన. అక్క కండ్లు చిన్నగ చేసింది.

"గది ఎవరు మాట్లాడుతున్నరు?"

"నువ్వే అక్కా."

"నేను గట్ల మాట్లాడుతనా? డాక్టర్ చదివితే నేను ముందర కూసొని చెప్పినట్టు ఉండాలె. కొట్టెయ్. నేను చెప్పినట్టే రాయి."

కొట్టేసిన. ఆమె చెప్పబట్టింది. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకునేది. తడుముకున్నది లేదు. గిర్నిలో నిలబడి ఈ రెండు నెలలూ ఒక్కొక్క మాటే అనుకొని పెట్టుకున్నదని నాకు అప్పుడు సమజైంది.

"నాకు ఊపిరితిత్తుల జబ్బు ఉంది. అది తగ్గదని నాకు తెలుసు. కానీ జ్వరమో, ఇంకొకటో, తగ్గే రోగం వస్తే నాకు పూర్తిగ వైద్యం చేయున్రి. నాకు బతకాలని ఉంది."

నా వేళ్ళు ఆగినయ్. సావు గురించి రాయిస్తదనుకుంటే ఆమె ముందుగాల రాయించింది ఇది.

"రాసినవా? ఇగ తర్వాతది. ఇది తగ్గేది కాదని డాక్టర్లు అనుకున్ననాడు గొంతుల పైపు వేయకున్రి. గుండె ఆగితే రొమ్ము ఒత్తకున్రి. ముక్కుకు గాలి పెట్టున్రి, ఆయాసం తెల్వకుండ మందు ఇయ్యున్రి. ఆయాసమంటే నాకు భయం. నాకు తెలివి ఉన్నంత సేపు నన్నే అడగున్రి. తెలివి తప్పితే నా బిడ్డను, నా తమ్ముణ్ణి పిలువున్రి. పిలిచి ఈ కాగితం చదివి వినిపియ్యున్రి. ఏం చేద్దామని వాళ్ళను అడగకున్రి."

ఆ చివరి మాట కాడ నేను తల ఎత్తలేకపోయిన. అక్క గొంతు తగ్గించింది.

"బావ అప్పుడు డాక్టర్ వచ్చినప్పుడల్ల నువ్వు చాయ్‌కు పోయేటోనివి. నేను చూసిన."

నేను సేవ్ చేసిందే మల్ల సేవ్ చేసిన.

"కోపం లేదు తమ్మీ. నా కాళ్ళు లేచుంటే నేను గూడ పోయేదాన్ని."

పదిహేనేండ్లు దాచుకున్న సంగతిని ఆమె రెండు మాటల్లో తీసి బయట పెట్టి, మన్నించి, మల్ల కాగితం దిక్కు తిరిగింది. బల్ల మీద కూసున్న ఒక నడి వయసు ఆమె, ప్లాటు కాగితాలు ఒళ్ళో పట్టుకొని, మెల్లగ అడిగింది: "అమ్మా, ఇట్ల రాసుకోవచ్చునా?"

"రాసుకోవచ్చంట" అన్నది అక్క.

ఆ ఆదివారం మేనకోడలు సెలవు పెట్టుకొని వచ్చింది. ఆమెకు ముందే చెప్పాలె, ఆమె పేరు అందులో ఉంది. అక్క నన్ను చదవమన్నది. రెండో పేరా కాడికి రాంగనే ఆ పిల్ల లేచి గిర్నిలోకి పోయి నిలబడ్డది. ఆ రోజు గిర్ని బంద్ ఉండె. అక్క మెల్లగ లేచి ఆమె వెనుక పోయింది. నేను గడప మీద ఆగిన.

"నేను దీనికి ఒప్పుకోనమ్మా. నువ్వు పోతుంటే నేను కాగితం పట్టుకొని నిలబడాల్నా?"

"నువ్వు నిలబడాల్సిన పని లేదు. అందుకే రాసిన."

తర్వాత మేనకోడలు అడిగింది. ఆమె గొంతు అప్పుడు అచ్చం ఇరవై ఏండ్ల పిల్ల గొంతు లెక్కనే ఉండె.

"నాయినను అన్ని రోజులు ఉంచమని చెప్పింది నేనే గద. రోజూ నేనే సంతకం పెట్టిన. ఆయనకు నొప్పి అయ్యిందో ఏమో. తప్పు చేసిననా అమ్మా?"

అక్క గిర్ని తొట్టి పట్టుకొని నిలబడి ఊపిరి తీసుకున్నది. "నీది తప్పు కాదు బిడ్డా. నిన్ను అడిగినోళ్ళది తప్పు. నీ పక్కన నిలబడని మాది తప్పు. అట్లాంటి మాట పిల్లను అడుగుతరా ఎవరన్న? ఇగ ఎవ్వరూ నిన్ను అది అడగద్దు. నా మాట నేనే చెప్పి పోత."

ఇద్దరూ పట్టుకొని ఏడ్సిన్రు. నేను ఈసారి ఎక్కడికీ పోలేదు. గడప మీదనే ఉన్న.

సాక్షులుగ మా షెడ్డు పక్క జిరాక్స్ షాపు నడిపే ఆమె, ఒక రిటైరైన బడి పంతులు వచ్చిన్రు. నోటరీ వకీలు మా అందరినీ బయటికి పంపి, అక్కను ఒక్కదాన్నే కూసోబెట్టి అడిగిండు. తలుపు సందులకెల్లి మాటలు వినవడ్డయ్.

"అమ్మా, ఎవరన్న బలవంతం చేసిన్రా?"

"అవ్, బలవంతం అయ్యింది సారూ. మా తమ్ముడు రాయనని రెండు నెలలు తిప్పిండు. నేనే బలవంతం చేసి రాయించిన."

వకీలు పక్కున నవ్విండు. నవ్వి, కాగితం మొదటి నుంచి మల్లొకసారి చదివి, టోపీ పెట్టుకునే పోలీసాయన లెక్క కుర్చీలో నిటారుగ కూసొని ముద్ర కొట్టిండు. ఒక ప్రతి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చినం. అక్కడి గుమస్తా దాన్ని ఏ ఫైలులో పెట్టాల్నో తెల్వక ముగ్గురిని అడిగి, ఆఖరికి కొత్త ఫైలు తెరిచిండు. ఒక ప్రతి ఛాతీ డాక్టర్ దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి మేనకోడలి దగ్గర ఉంచుకున్నం.

మరుసటి ఏడు వానలు పడుతున్నప్పుడు అక్కకు చలి జ్వరం వచ్చింది. ఊపిరి ఎగపోసుకుంటుంటే సిటీ దవాఖానకు తీస్కపోయినం. ఛాతీ డాక్టర్ ఊర్లో లేడు. డ్యూటీ మీద ఉన్న కొత్త డాక్టర్ ఫైల్లో కాగితం చూసిండు. పై పైన చూసి, "ఈమెకు ఏం చేయొద్దని రాసిన్రు కదా, ఇంటికి తీస్కపోతరా?" అన్నడు.

మేనకోడలు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నేను కాగితం తీసి మూడో వాక్యం మీద వేలు పెట్టి, ఆయనకు చదివి వినిపించిన. తగ్గే రోగం వస్తే నాకు పూర్తిగ వైద్యం చేయున్రి. నాకు బతకాలని ఉంది.

ఆయన నా చేతిలో నుంచి కాగితం తీసుకొని మొత్తం చదివిండు. నిలబడే చదివిండు. చదివి, "నేను సరిగ చూడలేదు, ఏమనుకోకున్రి" అని వెంటనే నర్సును పిలిచిండు. అది ఊపిరితిత్తుల్లో చేరిన చీము, మందులకు తగ్గేదే. తొమ్మిది రోజులకు అక్క లేచి కూసున్నది. ఆమె ఆ ఒక్క లైను రాయించకపోతే ఏమయ్యేదని ఇప్పటికీ తలుచుకుంట. ఏదేది అడ్డం రావచ్చునో ఆ గిర్నిలో నిలబడే ఆమె ముందుగాల చూసి పెట్టింది. చదువు నాలుగో తరగతి.

ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. గిర్ని పనిని సందులో ఒక ఆమెకు కుర్చీలో కూసొనే నేర్పింది. ఒక రోజు ఒళ్ళు తేలికగ ఉంటే, "నా బిడ్డ డ్యూటీ చేసుడు నేను ఎన్నడు చూడలే" అన్నది. చిన్న గాలి సిలిండర్ సంచిలో పెట్టుకొని, నేను ఆమెను బస్సు ఎక్కించిన. ముందు సీట్లో కూసున్నది. మేనకోడలు ఆడోళ్ళందరికీ కొట్టినట్టే తల్లికి గూడ పైసలు లేని జీరో టికెట్ కొట్టి ఇచ్చింది, నవ్వు ఆపుకుంట. సిటీ దాక పోయి, దిగకుండనే అదే బస్సులో తిరిగొచ్చినం. జనం తోసుకుంటుంటే మేనకోడలు ఒక్క గద్దింపుతోటి వెనక్కి జరిపింది. అక్క నా చెవిలో అన్నది: "మస్తు చేస్తున్నది తమ్మీ. ఎవ్వరికీ భయపడతలేదు." ఆమె ముఖంలో అంత వెలుగు నేను ఆమె పెండ్లినాడు గూడ చూడలేదు.

ఎండలు ముదిరినంక ఆయాసం పెరిగింది. ఈసారి జ్వరం లేదు. దవాఖానలో ఛాతీ డాక్టర్, ఇంకో ఇద్దరు డాక్టర్లు వచ్చి చూసి, పరీక్షలన్నీ చేసి, వాళ్ళల్ల వాళ్ళు మాట్లాడుకున్నరు. తర్వాత ఛాతీ డాక్టర్ మంచం పక్కన స్టూలు వేసుకొని కూసున్నడు. మేమిద్దరం అక్కడనే ఉన్నం.

"అమ్మా, ఈసారి మందుకు లొంగుతలేదు. మిషను పెట్టే టైము వచ్చింది. మీరు రాసిన మాట మీదనే ఉన్నరా?"

అక్క మాస్కు లోపల్నుంచి, "అవ్" అన్నది. ఆయనకు వినబడిందో లేదో అని చెయ్యి ఎత్తి వద్దని ఊపింది. మల్ల, "మందు ఇస్తరు గద? ఆయాసానికి?" అని అడిగింది.

"ఇస్తం. ఇబ్బంది కానియ్యం."

ఆయన లేచి మేనకోడలి దిక్కు తిరిగిండు. "అమ్మ చెప్పినట్టే చేస్తం. మీకు చెప్తున్న, అంతే" అన్నడు. ఆయన పోయినంక ఆ పిల్ల గోడకు ఒరిగి, "మామా, నన్నేం అడగలేదు" అన్నది. భుజాల మీద నుంచి ఏదో దిగినట్టు ఆమె కొంచెం ఎత్తు పెరిగినట్టు కనవడ్డది నాకు.

నాలుగు రోజులు ఉన్నది. మందు వల్ల ఊపిరి నెమ్మదైంది. మెలకువ వచ్చినప్పుడల్ల మాట్లాడింది. మూడో రోజు బిడ్డను అడిగింది: "లీవు పెట్టినవా?"

"పెట్టిన."

"ఎన్ని రోజులు?"

"నువ్వు ఉన్నన్ని రోజులు."

అక్క కండ్లతోటి నవ్వింది. "జడ వేసుకో. పిచ్చిదాని లెక్క ఉన్నవ్" అన్నది. మేనకోడలు అక్కడనే మంచం మీద కూసొని దువ్వుకొని జడ వేసుకున్నది, తల్లి చూస్తుండంగ.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు, మేము చెరొక చెయ్యి పట్టుకొని ఉండంగ, అక్క ఊపిరి ఒకటి వచ్చి, చాలా సేపటికి ఇంకొకటి వచ్చి, ఆగింది. ఏ మిషనూ మోగలేదు. ఎవ్వరూ ఉరికి రాలేదు. నర్సు మెల్లగ తెర దగ్గరికి లాగి పక్కకు జరిగింది. నా బతుకులో నేను శానా పెద్ద పెద్దోళ్ళను చూసిన, వాళ్ళ సంతకాలు తీసుకున్న. తన మాట మీద అంత గట్టిగ, అంత నెమ్మదిగ నిలబడ్డ మనిషిని మాత్రం ఆ మంచం మీదనే చూసిన.

అంబులెన్సు సాగర్ రోడ్డు మీద ఇంటి దిక్కు పోతుంటే రెండు పక్కలా కట్టే అపార్ట్‌మెంట్లు, క్రేన్లు, రోడ్డు దాటే స్కూలు పిల్లలు కనవడుతున్నరు. అన్నీ ఎప్పటి లెక్కనే నడుస్తున్నయ్. తుర్కయాంజాల్ వచ్చేసరికి నా భుజం మీద బరువు తగిలింది. మేనకోడలు నిద్రపోయింది. నాలుగు రోజులైంది ఆ పిల్ల కండ్లు మూసి. బండి గుంతలో పడి ఎగిరినా లేవలేదు. నేను ఊరు వచ్చేదాక కదలకుండ కూసున్న.